పులుసులో పడకముందే తీసిన ముక్క

ఆదివారం చేపల పులుసు కాచే ఇంట్లో కుక్కను వంటింటి గడప దగ్గర్నుంచి లేపడం ఎవరి తరమూ కాదు. అందరి భోజనాలూ అయ్యాక గిన్నె అడుగున మిగిలిన పులుసు, ఒక తలకాయ ముక్క, నాలుగు ముద్దల అన్నం కలిపి దాని పళ్లెంలో వేయడం మన ఇళ్లలో తాతల నాటి అలవాటు. ప్రేమతో పెట్టేదే. కాని ఆ పళ్లెంలో కుక్క ఒంటికి పనికొచ్చేవి చేప, అన్నం మాత్రమే. చింతపండు, ఉల్లి, వెల్లుల్లి దానికి చెరుపు చేస్తాయి. ఉప్పూ కారమూ మన నాలుక కోసం వేసుకున్నవి.

ముందు చింతపండు సంగతి చెప్పాలి, ఎందుకంటే అది బయటపడింది ఈ మధ్యనే. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కల్లో కొన్నిటికి మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని పశువైద్యులు ఇరవై ఏళ్లకు పైగా గమనిస్తూ వచ్చారు. ఏ పదార్థం వల్లనో మాత్రం తేలలేదు. ఒక కుక్క గుప్పెడు తిన్నా ఏమీ కాదు, ఇంకొకటి నాలుగు పళ్లకే మంచం పడుతుంది. చివరికి దారి చూపించింది ద్రాక్ష కాదు, పిల్లలు ఆడుకునే పిండిముద్ద. అమెరికాలో ఇంట్లో కలిపిన అలాంటి ముద్దను మింగిన ఒక కుక్కకు అచ్చం ద్రాక్ష తిన్నప్పటి లక్షణాలే వచ్చాయి. అందులో ద్రాక్ష లేదు, క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పొడి ఉంది. అది టార్టారిక్ ఆమ్లపు లవణం. ద్రాక్షలోనూ ఆ ఆమ్లం ఉంటుంది, రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి ఎక్కువ తక్కువలుగా. ఒక కుక్కకు ఏమీ కాకపోవడం, ఇంకొకదానికి ప్రాణం మీదికి రావడం ఎందుకో అప్పుడు అర్థమైంది. అసలు దోషి ఇదే కావచ్చని అక్కడి జంతు విషవైద్య నిపుణులు 2021లో ప్రతిపాదించారు. మరుసటి ఏడాది వచ్చిన పత్రంలో చింతపండు తిని మూత్రపిండాలు పాడైన కుక్కల వివరాలు కూడా చేరాయి.

మనకు ఇది పక్కింటి వార్త కాదు. టార్టారిక్ ఆమ్లం దండిగా ఉండే పళ్లలో చింతపండుది మొదటి వరస. గుజ్జు బరువులో దాదాపు పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. మన ఒంటికి అది పులుపు, అంతే. కుక్క మూత్రపిండాల కణాలు ఆ ఆమ్లాన్ని లోపలికి తీసుకుంటాయి గాని సరిగ్గా బయటికి పంపలేవని, అది అక్కడే పేరుకుని కణాలను చంపుతుందని ఇప్పటి వివరణ. ఊళ్లో కుక్కలు ఇన్నేళ్లుగా పులుసన్నం తింటూనే ఉన్నాయి కదా అని అడిగేవాళ్లుంటారు. నిజమే, రెండు చెంచాల పులుసుతో ప్రతి కుక్కా చచ్చిపోదు. కాని ఊరకుక్క మూడు రోజులు వాంతులు చేసుకుని పశువుల కొట్టం వెనక కన్నుమూస్తే దాని మూత్రపిండాలు పరీక్షించిన వాళ్లెవరు? చింతపండు బాగా తిన్న కుక్క ఒక రోజులోపు వాంతులు మొదలుపెట్టినా, మూత్రం తగ్గినా తెల్లారేదాకా చూడకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఉల్లి, వెల్లుల్లి చేసే చెరుపు వేరు. వాటిలోని గంధకపు సమ్మేళనాలు కుక్క ఎర్ర రక్తకణాలను ఆక్సీకరించి పగలగొడతాయి. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి తింటే రక్తంలో మార్పులు కనిపిస్తాయని లెక్క. అంటే పది కిలోల కుక్కకు ఒకటి రెండు ఉల్లిపాయలు చాలు. ఎర్రగా వేయించినా, మెత్తగా నూరి మరిగించినా ఆ గుణం పోదు. పైగా రక్తహీనత అప్పటికప్పుడు కాదు, నాలుగైదు రోజులకు బయటపడుతుంది. ఆదివారం నాటి కూరకూ గురువారం నాటి నీరసానికీ ముడిపెట్టడం ఎవరికీ తోచదు.

కాబట్టి చేప ముక్కల్ని పులుసులో వేయకముందే రెండు పక్కన తీసి, వట్టి నీళ్లలో ఉడికించి అన్నంలో కలిపితే సరిపోతుందా? ఎప్పుడైనా ఒక పూటకు హాయిగా సరిపోతుంది. రోజూ అదే తిండి అయితే సరిపోదు. నేనూ మా ఇంటి కుక్కకు మొదట్లో చేపా అన్నమే వండి పెట్టేవాణ్ణి. బొచ్చు నిగనిగలాడింది, తృప్తిగా తినేది, ఇక లోటేముంది అనుకున్నాను. పరీక్ష చేసిన పశువైద్యుడు ఒక్క ప్రశ్న వేశారు: "ముల్లు తీసేస్తున్నారు కదా, మరి సున్నం ఎక్కణ్ణించి వస్తోంది?" నా దగ్గర జవాబు లేదు.

2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలోని పరిశోధకులు కుక్కల కోసం పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో ఉన్న 200 ఇంటి వంటకాలను తీసుకుని లెక్కగట్టారు. వాటిలో 95 శాతం వంటకాల్లో కనీసం ఒక అత్యవసర పోషకం తక్కువ పడింది. 83 శాతానికి పైగా వంటకాల్లో ఒకటి కాదు, చాలానే తగ్గాయి. రాసినవాళ్లలో పశువైద్యులూ ఉన్నారు. ఇంటి వంట చెడ్డదని ఈ లెక్క చెప్పడం లేదు. కంటికి నిండుగా కనిపించే పళ్లెం ఒంటికి వెలితిగా ఉండొచ్చని చెబుతోంది.

ఆ వెలితి ఏమిటో మనుషులు తెలుసుకున్నది కుక్కల ఒంట్లోనే. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే రోజుల్లో బ్రిటన్‌లో పిల్లల కాళ్లు వంకరపోయే రికెట్స్ జబ్బు విపరీతంగా ఉండేది. లండన్‌లో ఎడ్వర్డ్ మెలన్‌బీ అనే శాస్త్రవేత్త కుక్కపిల్లల్ని ఇంటి లోపలే ఉంచి, ఓట్స్ జావ లాంటి ధాన్యపు తిండి మీద పెంచాడు. వాటికీ కాళ్లు వంగిపోయాయి. కాడ్ చేప కాలేయపు నూనె కలిపి పెట్టిన కుక్కపిల్లలకు జబ్బు రాలేదు. 1919లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. ఆ నూనెలో పనిచేసింది విటమిన్ ఎ అనే అనుకున్నారు. అమెరికాలో ఎల్మర్ మెకాలమ్ 1922లో ఆ నూనెను వేడిచేసి, గాలి పంపి విటమిన్ ఎ మొత్తాన్ని నాశనం చేశాడు. అయినా ఎముకలు బాగుపడ్డాయి. అలా తేలిన కొత్త పదార్థమే విటమిన్ డి. ఇవాళ మన పిల్లలకు డాక్టరు రాసే చుక్కల మందు వెనక చేప నూనె ఉంది, ఆ కుక్కపిల్లల వంకర కాళ్లూ ఉన్నాయి.

ఆ కుక్కపిల్లల్ని ఎండలోకి వదిలి ఉంటే జబ్బే వచ్చేది కాదని చాలాకాలం అనుకున్నారు. 1994లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించింది వేరు. ఎండ తగిలితే మన చర్మంలో విటమిన్ డి తయారవుతుంది. కుక్క చర్మంలో దాని ముడిసరుకు నిలవనే నిలవదు, వెంటనే ఇంకో పదార్థంగా మారిపోతుంది. కుక్క పొద్దంతా అరుగు మీద ఎండ కాగినా దాని విటమిన్ డి తిండిలోంచే రావాలి. చేప, అందులోనూ కొవ్వున్న సముద్రపు చేప దానికి ఎందుకంత విలువైనదో ఇక్కడ తెలుస్తుంది.

రెండో కథ మన హైదరాబాద్‌ది. దక్కన్ పీఠభూమిలో జొన్నలే తిండిగా బతికే పేదల్లో చర్మం నల్లబడి, మతిచలించే పెల్లాగ్రా జబ్బు కనిపించేది. నియాసిన్ అనే బి విటమిన్ లోటే దానికి కారణం. ఆ సంగతి 1937లో అమెరికన్ శాస్త్రవేత్త కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ తేల్చింది కూడా కుక్కల మీదనే. నియాసిన్ తగ్గితే కుక్కలకు నోరు పుండై, నాలుక నల్లగా కమిలిపోతుంది. దాన్ని నల్లనాలుక జబ్బు అనేవారు. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో భవాని బెలవాడి, సి. గోపాలన్ జొన్నలతో చేసిన తిండి కుక్కలకు పెట్టి చూశారు. నాలుకలు నల్లబడ్డాయి. 1965లో ఆ పత్రం లాన్సెట్‌లో వచ్చింది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం నియాసిన్ లోటును పెంచుతోందని వాళ్లు వాదించారు. దాని మీద తరవాత ఎంతో చర్చ నడిచింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థగా మనకు తెలిసింది ఆ పరిశోధనశాలే. తెలంగాణ పల్లెల్లో కాపలా కుక్కకు వట్టి జొన్న గటక పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గటకలో కాస్త చేప కలిస్తే నియాసిన్ కూడా వచ్చి చేరుతుంది.

ఇక అన్నం మాట. కుక్క తోడేలు జాతిది, దానికి మాంసమే తప్ప గింజలు పడవని ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది. 2013లో స్వీడన్‌లోని ఉప్సల పరిశోధకులు తోడేళ్లనూ కుక్కలనూ జన్యువుల స్థాయిలో పోల్చారు. పిండిపదార్థాన్ని విరిచే అమైలేజ్ జన్యువు తోడేలుకు రెండు ప్రతులే ఉంటే, కుక్కలకు నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయి. మనిషి పంట పండించడం మొదలుపెట్టాక వాకిట్లో మిగిలిన మెతుకుల మీద బతికిన జంతువు తన కడుపును మార్చుకుంది. అది తోడేలు కాదు, మనింటి గంజి తాగి పెరిగిన ప్రాణి. మెత్తగా ఉడికిన నూకల అన్నాన్ని నిశ్చింతగా పెట్టొచ్చు.

పది కిలోల కుక్కను తీసుకుందాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి, ఇంట్లో మామూలుగా తిరిగే పెద్ద కుక్క. దానికి రోజుకు సుమారు 600 నుంచి 630 కిలోకేలరీలు కావాలి. ముల్లు తీసిన రాగండి మాంసం పావు కిలో, వండిన అన్నం 200 గ్రాములు, మెత్తగా ఉడికిన కూరగాయలు 100 గ్రాములు, రెండు చిన్న చెంచాల నూనె కలిపితే అక్కడికి వస్తుంది. మాంసకృత్తులు 45 గ్రాములు దాటతాయి, అవి పుష్కలమే. తేడా వచ్చేది కాల్షియం దగ్గర, అంటే డాక్టరు అడిగిన ఆ సున్నం దగ్గర. ఈ పళ్లెంలో భాస్వరం 600 మిల్లీగ్రాముల దాకా ఉంటే కాల్షియం 150 దగ్గరే ఆగిపోతుంది. ఉండాల్సింది దానికి తలకిందులు. కాల్షియం భాస్వరంతో సమానంగానైనా ఉండాలి, రెట్టింపు దాకా ఉన్నా మంచిదే. తిండిలో దొరకనప్పుడు రక్తం ఆ కాల్షియాన్ని ఎముకల్లోంచి లాగేసుకుంటుంది. ఆ పని చేయించే పారాథైరాయిడ్ గ్రంథి నెలల తరబడి అలాగే పనిచేస్తే దవడ ఎముక రబ్బరులా మెత్తబడి పళ్లు కదిలిపోతాయి. ఎదిగే కుక్కపిల్లలకైతే కాళ్లు విరుగుతాయి. అందుకే కుక్కపిల్లలకు, అందులోనూ పెద్ద జాతి పిల్లలకు, నిపుణుల లెక్క లేకుండా ఇంటి తిండి మీదే ఆధారపడొద్దని నా గట్టి మాట.

ఈ లోటు తీర్చేది మనం రోజూ చెత్తబుట్టలో వేసేదే. కోడిగుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేట్. దాని బరువులో ఐదింట రెండు వంతులు కాల్షియం. పెంకుల్ని కడిగి, పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో పిండిలా పట్టి వస్త్రకాళితం చేయాలి. గరుకు మిగిలితే పేగు గీసుకుంటుంది. పైన చెప్పిన పళ్లేనికి అర చిన్న చెంచా పొడి చాలు, సుమారు 900 మిల్లీగ్రాముల కాల్షియం వస్తుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలనుకోవద్దు. మితిమీరిన కాల్షియం జింకును పేగుల్లో ఒంటబట్టనివ్వదు.

చేపా అన్నం తిండిలో అసలే తక్కువ పడేది జింకు. ఈ పళ్లెంలో అవసరంలో మూడో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. ధాన్యాల్లోని ఫైటిక్ ఆమ్లం ఉన్నదాన్ని కూడా పట్టి ఉంచుతుంది. కుక్కపిల్లల కాళ్లు వంచిన ఓట్స్ జావలోనూ ఈ ఫైటిక్ ఆమ్లపు పాత్ర ఉందని 1939లో మెలన్‌బీయే తన సహచరుడితో కలిసి చూపించాడు. జింకు చాలని కుక్కకు కళ్ల చుట్టూ, పాదాల మీద చర్మం పెచ్చులు కడుతుంది. రాగి, విటమిన్ ఇ, కోలిన్ కూడా చాలవు. వారానికి రెండుసార్లు కోడి కాలేయం ఒక చిన్న ముక్క, ఒక ఉడికిన గుడ్డు కలిపితే కొంత సర్దుకుంటుంది, పూర్తిగా కాదు. రోజూ ఇంటి తిండే పెట్టేవాళ్లు కుక్కల కోసం తయారైన ఖనిజ విటమిన్ల పొడిని డాక్టరు చెప్పిన కొలతలో కలపాల్సిందే. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల్లో పోషణశాస్త్రం బోధించేవాళ్లున్నారు. కుక్క బరువు, వయసు, మనం వండే సరుకులు రాసుకుని వెళ్తే లెక్కగట్టించుకోవచ్చు.

ఇప్పుడు చేపల మార్కెట్‌కు వద్దాం, ఇక్కడే మనకు అసలు అదృష్టం ఉంది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల నుంచి వచ్చే బొచ్చె, రాగండి ఏడాది పొడవునా దొరుకుతాయి. మాంసకృత్తులకు అవి చాలు. ఒమేగా-3 కొవ్వులకు మాత్రం సముద్రం వైపు చూడాలి. ఈపీఏ, డీహెచ్ఏ అనే ఆ కొవ్వుల్ని మొదట తయారుచేసేవి నీటిలోని సూక్ష్మ శైవలాలు. వాటిని తిన్న చిన్న చేపల్లో అవి చేరతాయి. అవిసె గింజల్లోని కొవ్వును ఈ రూపంలోకి మార్చుకునే శక్తి కుక్కకు చాలా తక్కువ. నూనె కవళ్లు, కానాగంతలు నేరుగా అందిస్తాయి. కీళ్లవాతంతో లేవలేని ముసలి కుక్కలకు చేప నూనె ఉపశమనం ఇస్తుందనడానికి మంచి ఆధారాలున్నాయి. పైగా ఇవి ఖరీదైన చేపలు కావు. వంజరం, సూర, సొర లాంటి పెద్ద వేటచేపలు కుక్కకు రోజువారీ తిండిగా వద్దు. చిన్న చేపల్ని తింటూ ఏళ్ల తరబడి బతికే కొద్దీ వాటి కండలో పాదరసం పోగవుతుంది.

కానాగంతలూ కవళ్లూ కొనేటప్పుడు తాజాదనం విషయంలో మొహమాటపడొద్దు. వాటి కండలో హిస్టిడిన్ ఎక్కువ. ఐసు లేకుండా గంటల తరబడి బుట్టలో ఉంటే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఆ హిస్టమిన్ తరవాత ఎంత ఉడికించినా పోదు. సాయంత్రం చవగ్గా ఇచ్చేస్తున్నారు, కుక్కకే కదా అని మెత్తబడిన చేప తేవడం మంచిది కాదు. ఎండు చేప కూడా వద్దు, అందులో ఉప్పే ఎక్కువ.

పచ్చి చేప పెడితే మంచిదనేవాళ్లు చాస్టెక్ నక్కల కథ వినాలి. 1930లలో అమెరికాలోని మిన్నెసోటాలో చాస్టెక్ అనే ఆయన బొచ్చు కోసం నక్కల్ని పెంచేవాడు. పచ్చి కార్ప్ చేపలు కోసి పెడుతుంటే నక్కలకు కాళ్లు పడిపోయి చచ్చిపోసాగాయి. చేపలోని థయామినేజ్ అనే ఎంజైము తిండిలో ఉన్న బి1 విటమిన్ మొత్తాన్ని విరిచేస్తోందని తరవాత తేలింది. మన బంగారు తీగ ఆ కార్పే. ఉడికిస్తే ఎంజైము చస్తుంది, పచ్చి చేపలో ఉండే పురుగులూ చస్తాయి. విటమిన్ బి1 నిలుస్తుంది.

ముల్లు విషయంలో భయం న్యాయమైనదే. రాగండి, బొచ్చెల వెన్నులో Y ఆకారపు సన్న ముళ్లుంటాయి. ఉడికాక పళ్లెంలో పరిచి, వేళ్లతో నలిపి చూస్తే తప్ప దొరకవు. పొట్ట ముక్కలో పక్కటెముకలే ఉంటాయి, తీయడం తేలిక. చిన్న కవళ్లకు ఇంకో దారి ఉంది. తల, పేగులు తీసి, ప్రెషర్ కుక్కర్‌లో కొంచెం నీళ్లతో ముప్పావు గంట నుంచి గంట దాకా సన్నమంట మీద ఉంచితే లోపల వేడి 120 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ముల్లును గట్టిగా ఉంచే కొల్లాజెన్ కరిగి జిగురుగా మారిపోతుంది. మిగిలిన సున్నం వేళ్ల మధ్య పిండిలా రాలుతుంది. డబ్బా చేపల్లో ముల్లు మెత్తగా ఉండడానికి కారణమూ ఇదే. అలా వండిన రోజు గుడ్డు పెంకు పొడి తగ్గించాలి. రెండు వేళ్ల మధ్య నలగని ముల్లు ఏదైనా తగిలితే అది పళ్లెంలోకి పోకూడదు. చేప ఉడికిన నీళ్లు పారబోయొద్దు. గుండె కండరానికి కావలసిన టారిన్ నీటిలో కరుగుతుంది. ఆ నీళ్లతోనే అన్నం కలపాలి.

కూరగాయల గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. తియ్య గుమ్మడి, క్యారెట్, బీన్స్, సొరకాయ, చిలగడదుంప ఏవైనా సరే. మెత్తగా ఉడికించి మెదపాలి, ఎందుకంటే మొక్క కణాల గోడల్ని కరిగించే ఎంజైము కుక్కకు లేదు. పచ్చి క్యారెట్ ముక్కలు ఎలా వెళ్తాయో అలాగే బయటికొస్తాయి. గుమ్మడిలోని బీటా కెరోటిన్‌ను కుక్క విటమిన్ ఎగా మార్చుకుంటుంది, పిల్లికి ఆ శక్తి లేదు. పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి పేగు గోడకు ఆహారంగా మారుస్తాయి. పాలకూర, గోంగూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, వాటిని పక్కన పెట్టడమే మేలు.

కొత్త తిండికి ఒక్కరోజులో మార్చొద్దు. మొదటి రెండు రోజులు నాలుగో వంతు, తరవాత సగం, అలా వారం పది రోజులు పట్టాలి. క్లోమం జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్న కుక్కకు ఈ కొలతలేవీ వర్తించవు, డాక్టరు చెప్పిందే పెట్టాలి. లాబ్రడార్ ఉన్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. న్యూఫౌండ్‌లాండ్ జాలరుల వెంట పడవల్లో పనిచేసిన కుక్కల సంతతి అది. చేపంటే ఇష్టపడడం వింత కాదు. కాని ఆ జాతిలో దాదాపు నాలుగింట ఒకదానికి కడుపు నిండిందని మెదడుకు చెప్పే జన్యువులో కొంత ముక్క లేదని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనుగొన్నారు. అది తిండిపోతు అని తిట్టకూడదు, నిజంగానే దానికి ఆకలేస్తోంది. అడిగిందని పెట్టకుండా కాటా మీద తూచి పెట్టాలి. నెలకోసారి అరచేతులు దాని పక్కల మీద ఆనించి చూడండి. పక్కటెముకలు కంటికి కనిపించకుండా, వేళ్లకు తగలాలి. అసలు తగలకపోతే అన్నం రెండు చెంచాలు తగ్గించి, ఆ చోట గుమ్మడి వేయాలి.